పై మంచం జఖేలేకి

డిసెంబరు 12, శుక్రవారం

పొద్దున్న ఏడింటికి డర్బన్ రేవులో వరుసలో నిలబడితే ఓడ ఎక్కేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఇప్పుడు నాలుగు. ఓడ ఇంకా కదల్లేదు. విహారయాత్ర అంటే ఇదేనేమో.

ఇది మా అన్నయ్య లుంగిసాని ఆలోచన. "రెండేళ్ళలో ఇంట్లో రెండు చావులు చూశాం. ఈ డిసెంబరులో నాలుగు రోజులైనా అందరం కలిసి నవ్వుదాం" అన్నాడు. చర్చిలో పెద్ద కదా, మంచినీళ్ళు అడిగినా ప్రసంగంలాగే ఉంటుంది. వదిన ఫిలిలే అందరికీ పసుప్పచ్చ టీషర్టులు చేయించింది. వీపు మీద "సేలే కుటుంబం, సముద్రయానం" అని అచ్చు. బడిలో ఏడువందల మంది పిల్లల యూనిఫాం సరిచూసే టీచర్ని, నాకే యూనిఫాం తొడిగారు. వాళ్ళమ్మాయి నోంటోకి తొమ్మిదేళ్ళు, దానికి తప్ప ఆ రంగు ఎవరికీ నప్పలేదు. నాన్న టీషర్టు మీద కోటు వేసుకుని మెడదాకా గుండీలు పెట్టేసుకున్నాడు.

నాన్న అసలు రాడనుకున్నాను. ఎనభై ఒకటో ఏడు. డుడుడు ఊళ్ళో మా ఇంటి నుంచి సముద్రం అరగంట దూరం. అయినా ఈ వయసు దాకా మోకాలి లోతు దాటి దిగినవాడు కాదు. అన్నయ్య ఓడ వెళ్ళే దారి చెప్పగానే "మొజాంబిక్ పక్కన ఆ దీవికా? అయితే వస్తాను" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు అందరం సంతోషించాం. ఎందుకని ఎవరం అడగలేదు.

నాన్నకీ నాకూ ఒక గది. అన్నయ్యా వాళ్ళకి పక్కది. కిటికీ లేదు. కింద రెండు మంచాలు, వాటి మీద గోడకి మడిచిన మంచాలు ఇంకో రెండు. గది సర్దడానికి వచ్చినాయన పైవి అలాగే మడిచి ఉంచుతానంటే నాన్న ఒప్పుకోలేదు.

"ఆ ఒక్కటీ దించి పక్క వెయ్యండి."

"మీరు ఇద్దరే కదండీ?"

"వెయ్యండి నాయనా, మీకు పుణ్యముంటుంది."

వేసి వెళ్ళాడు. ఎవరికి నాన్నా అంటే "ఉండనీ" అన్నాడు. నేను రెండోసారి అడగలేదు. విశ్రాంతి కోసం వచ్చాం కదా.

అదే రోజు, ఆరింటికి

ఓడ కదిలింది. నా అరచేతికి రక్తం వచ్చింది.

నాన్న బీపీ మాత్రల కోసం ఆయన సంచీలో చెయ్యి పెడితే గుచ్చుకుంది. తువ్వాల్లో చుట్టిన ముళ్ళకొమ్మ. రేగు జాతిది, ఒక ముల్లు సూటిగా, పక్కది వెనక్కి వంగి. మా పశువుల దొడ్డి వెనక చెట్టుదే. అదెందుకో మావైపు పిల్లల్ని అడిగినా చెబుతారు. ఇంటికి దూరంగా చనిపోయినవాళ్ళ ఆత్మ అక్కడే ఉండిపోతుంది. ఆ చోటికి వెళ్ళి పేరు పెట్టి పిలిచి, కొమ్మ పట్టుకుని ఇంటికి తోడుకురావాలి. వాళ్ళకీ ఒక సీటు, ఒక పళ్ళెం, ఒక పక్క. కొమ్మ పట్టుకున్నవాళ్ళు ఇల్లు చేరేదాకా ఆ పోయిన మనిషితో తప్ప ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకూడదు.

పై మంచం మా తమ్ముడు జఖేలేకన్నమాట.

వాణ్ణి పాతిపెట్టి పదిహేను నెలలు. పెట్టె వచ్చింది, అమ్మ పక్కనే పెట్టాం, కాగితాలన్నిటి మీదా నేనే సంతకాలు చేశాను. ముగిసిపోయిన సంగతి.

కొమ్మని ఎలా ఉన్నదాన్ని అలాగే చుట్టి పెట్టేశాను.

డిసెంబరు 13, శనివారం

రోజంతా సముద్రం. నీళ్ళు తప్ప ఏమీ లేదు, మనుషులు తప్ప ఏమీ లేదు. పై అంతస్తులో నడిచే దారి ఉంది. ఏడు చుట్లు తిరిగాను. ఏడుసార్లూ అదే లావుపాటాయన అదే కుర్చీలో అదే భంగిమలో నిద్రపోతున్నాడు. పొద్దున్నించి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఎక్కడికి పోయినా పసుప్పచ్చ టీషర్టు ఒకటి ఎదురవుతుంది. "ఎక్కడున్నావ్? ఫొటో దిగాలి" అంటుంది.

నోంటోతో నీళ్ళ జారుడుబల్ల దగ్గర యాభై నిమిషాలు నిలబడ్డాను. అది జారింది ఆరు సెకన్లు. దిగీ దిగగానే "అత్తా, మళ్ళీ" అంది. వదినకి కడుపులో తిప్పుతోంది, అయినా ఫొటోలు మానదు. మైకు నోరు మూయదు. బింగో ఆట, నాట్యం క్లాసు, ఎవరి పొట్ట నీళ్ళలో ఎక్కువ చప్పుడు చేస్తుందో ఆ పోటీ. చావలేక బతుకుతున్నాం.

పొద్దున్న ఫలహారాల దగ్గర గొడవైంది. నాన్న అరగంట సేపు తిండి బల్లల చుట్టూ తిరిగి, "ఇంత తిండి పెట్టారు, అన్నం మాత్రం పెట్టలేదు" అన్నాడు. అన్నం అంటే ఆయన లెక్కలో మొక్కజొన్న పిండి పొడిపొడిగా ఉడికించిన పూతూ, పుల్లపాలు. చివరికి రెండు పళ్ళేల్లో గుడ్లూ రొట్టే తెచ్చి, ఒకటి తన ముందు, ఒకటి పక్కన ఖాళీ కుర్చీ ముందు పెట్టాడు.

అన్నయ్య గొంతు తగ్గించి, "నాన్నా, ఎవరికది?" అన్నాడు.

"తెలిసే అడుగుతున్నావు."

"మనం మాట్లాడుకున్నాం కదా. వాడికి ప్రార్థన చేయించాం, పాస్టరుగారు వచ్చారు, అన్నీ పద్ధతిగా జరిగాయి. వాడు దేవుడి దగ్గరున్నాడు."

"దేవుడి దగ్గరుంటే నా గేటు దగ్గరికెందుకొస్తున్నాడు?"

అప్పుడు చెప్పాడు నాన్న. ఏడాదిగా ఒకటే కలట. జఖేలే గేటు అవతల నిలబడి ఉంటాడు. భుజాన సంచీ, ఒళ్ళంతా తడి. లోపలికి రారా అంటే తల అడ్డంగా తిప్పుతాడు. నాన్న గేటు దాకా నడిచేలోపే మెలకువ వచ్చేస్తుంది.

"వాడు నీళ్ళలో పోయాడు కాబట్టి తడిగా ఉన్నాడు. ఆ నీళ్ళ దగ్గరికే వెళ్ళి పిలుచుకొస్తాను. దీవిలో దిగి ఆ ఒడ్డున నిలబడి పిలవాలి. నాకు వేరే విహారం అక్కర్లేదు" అన్నాడు నాన్న.

జఖేలే వేరే ఓడలో వంటింట్లో పనిచేసేవాడు. పోయినేడు సెప్టెంబరులో ఆ దీవి దగ్గర ఓడ ఆగితే, పని లేని గంటలో ఈతకి దిగాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు.

పొద్దుపోయి తింటే అలాంటి కలలే వస్తాయని నాన్నతో అన్నాను. ఆయన పక్క పళ్ళెంలోని రొట్టెని తుంచి పెట్టసాగాడు.

మధ్యాహ్నం

ఒక సంగతి రాసి పెట్టుకోవాలి. అమ్మ చావుకి జఖేలే రాలేదు. ఓడ పని వదిలి రాలేకపోయాడు, రాలేదు. ఊరంతటికీ తెలిసిన విషయమే. వాడి మీద నాకు కోపం ఉంటే ఉండొచ్చు, తప్పేముంది. కన్నతల్లి చావుకి రానివాడి మీద ఎవరికైనా ఉంటుంది.

ఇంకో నాలుగు చుట్లు నడిచి వస్తాను.

డిసెంబరు 14, ఆదివారం. పొద్దున్న ఆరు

నాన్న ఐదింటికే కోటు, టోపీ వేసుకుని దీవికి తీసుకెళ్ళే పడవల ద్వారం దగ్గర కూర్చున్నాడు. ఒళ్ళో తువ్వాలు మూట. మొదటి పడవ ఎనిమిదింటికి. దీవి కనిపిస్తోంది, తెల్లటి గీతలా. గాలి జోరుగా ఉంది.

తొమ్మిది

దింపరట. మైకులో చెప్పారు. అలలు పెద్దవిగా ఉన్నాయి, చిన్న పడవలు నిలవవు, దీవి రద్దు, దానికి బదులుగా ఓడలోనే వినోద కార్యక్రమాలు. చుట్టూ అందరూ ఒక్కసారే మూలిగారు. ఈత బట్టలు వేసుకున్నవాళ్ళు, ఇసుక బొమ్మల బకెట్లు పట్టుకున్న పిల్లలు. నోంటో ఏడుపు మొదలుపెట్టింది.

నాన్న లేచి ద్వారం దగ్గరున్న అధికారిణి దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, నన్నొక్కణ్ణి దించండి. పది నిమిషాలు చాలు. మళ్ళీ వచ్చేస్తాను."

"గాలి చూడండి పెద్దాయనా. మా వాళ్ళనే దింపడం లేదు."

"నాకేమైనా అయితే మిమ్మల్ని ఏమీ అనం. కావాలంటే రాసిస్తాను."

"మీరు అనరు. మా నాన్న వయసాయన్ని నీళ్ళలో దింపానని నన్ను నేను అనుకోనా?"

నా చేతులు ఊరికే ఉండక మైకు వైపు చూపించి, ఆ గోల అయినా ఆపండి అన్నాను. అది ఆవిడ పని కాదట.

పదకొండు

జరిగిపోయింది. రాసుకోవాలి.

నాన్న ఓడ వెనక చివరికి వెళ్ళాడు. దీవి అక్కణ్ణించే బాగా కనిపిస్తుంది. పొట్టల పోటీ కూడా అక్కడే పెట్టారు. పాటలు చెవులు పగిలేలా ఉన్నాయి. కటకటాలు పట్టుకుని నాన్న ఏదో అంటున్నాడు, పక్కనున్న నాకే వినపడటం లేదు. అన్నయ్య వెనకనించి, "జనం చూస్తున్నారు నాన్నా, గదిలోకి పోదాం పదండి" అంటున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో కూడా చెప్పలేను. నేరుగా పాటలు పెట్టేవాడి దగ్గరికి వెళ్ళి బడిలో వాడే గొంతు తీశాను.

"ఐదు నిమిషాలు ఆపు."

"మేడం, ఇప్పుడు పోటీ నడుస్తోంది."

"మా తమ్ముడు ఇక్కడ మునిగిపోయాడు. మా నాన్న వాణ్ణి పిలవాలి. ఆపు."

ఆపేశాడు. వాడిదీ మావైపు ఊరే అనుకుంటాను, నెత్తి మీది టోపీ కూడా తీసేశాడు. నీళ్ళ తొట్టిలో తడి పొట్టలతో నిలబడ్డ ఐదారుగురు కదలకుండా ఉండిపోయారు. అప్పుడు వినిపించింది నాన్న గొంతు. మా వంశం పెద్దల పేర్లు ఒక్కొక్కటీ చెప్పాడు. ఆ తరువాత, "జఖేలే, నేను మీ నాన్నని. దిగి నీ దగ్గరికి వద్దామనే వచ్చాను. గాలి అడ్డమొచ్చింది. నన్ను ఇక్కడిదాకానే రానిచ్చారు. నువ్వే ఎక్కి రా నాయనా. నీకు మంచం వేయించాను. ఇంటికి పోదాం" అన్నాడు.

కొమ్మని నీళ్ళవైపు చాపి, మళ్ళీ గుండెకి ఆనించుకున్నాడు. అంతే, నోరు మూశాడు. మంగళవారం ఇల్లు చేరేదాకా వాడితో తప్ప మాట్లాడడు. నడుస్తుంటే పెదాలు కదులుతున్నాయి. "మెట్లున్నాయి, చూసుకో. ఇది లిఫ్టు" అంటున్నాడు.

అన్నయ్య గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

మూడున్నర

శనివారం మధ్యాహ్నం రాసింది అబద్ధం.

వాడు వచ్చాడు. అమ్మని పాతిపెట్టిన మూడో రోజున వచ్చాడు. రేవులో ఓడ ఆగగానే, ఒంటి మీదున్న బట్టలతోనే వచ్చాడు. ఆ రోజు వాన. నాన్న లోపల పడుకుని ఉన్నాడు, అన్నయ్యా వాళ్ళు వెళ్ళిపోయారు. గేటు దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. భుజాన సంచీ, నెత్తి మీదనించి నీళ్ళు కారుతున్నాయి. "అక్కా" అన్నాడు. నేను గడియ తీయలేదు. "అమ్మ పోయాక వచ్చే కొడుకు ఈ ఇంటికక్కర్లేదు. బతికుండగా ఈ గేటు దాటకు" అన్నాను. వాడు కాసేపు నిలబడ్డాడు. మళ్ళీ వాన్లోకే వెళ్ళిపోయాడు. ఎవరైనా అడిగితే రాలేదనే చెప్పాను. ఏడు నెలలపాటు వాడు ఫోన్ చేస్తూనే ఉన్నాడు, నేను తీయలేదు. ఎనిమిదో నెల ఓడవాళ్ళు చేశారు.

నాన్న కలలో తడి సముద్రపు తడి కాదు.

డిసెంబరు 15, సోమవారం. పొద్దున్న ఎనిమిది

ఓడ వెనక్కి తిరిగింది. నిన్నటినించీ నాన్నకి నోరు నేనే. టీలో పాలు ఎక్కువ, చక్కెర తక్కువ, ఆయనకి వినపడుతుందండీ, మొక్కు ఉంది, అందుకే మాట్లాడరు. నోంటో తాతయ్య చేత మాట్లాడించాలని కితకితలు పెట్టింది, ముఖం చిట్లించి చూసింది, లాభం లేకపోయింది.

నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా ఆయన బదులివ్వలేడు కదా. ఇల్లు చేరాక చెబుతాను.

పది

ఎక్కడినించి మొదలుపెట్టను.

లిఫ్టులో నాన్నా నేనూ ఉన్నాం. నాలుగో అంతస్తులో ఒక పెద్దావిడ ఎక్కింది. తలకి గుడ్డ, చేతిలో కర్ర. నాన్నని చూసి కాస్త వంగి, ఎంతో మర్యాదగా, "నమస్కారం పెద్దాయనా, బాగున్నారా?" అంది.

"బాగున్నామమ్మా, మీరంతా ఎలా ఉన్నారు?" అన్నాడు నాన్న.

అనేశాడు. ఎనభై ఏళ్ళలో ఒక్క పలకరింపునీ వట్టిగా పోనివ్వని నోరది. ఆవిడ మోకాళ్ళ నొప్పులు చెప్పుకుంటూ ఐదో అంతస్తులో దిగిపోయింది. తలుపులు మూసుకున్నాయి. నాన్న చేతిలో కొమ్మకేసి చూసి, గోడకి జారబడ్డాడు. రెక్క పట్టుకుని గదికి తీసుకొచ్చాను.

అన్నయ్యని పిలిచాను. వచ్చాడు, వదినా వచ్చింది.

"నా నోటితో నేనే తెంపేశాను. ఇక నేను మొయ్యడానికి లేదు. కొమ్మ మీద వాడింకా ఉన్నాడు, ఎంతసేపుంటాడో తెలీదు. రక్తసంబంధం ఉన్నవాళ్ళు వెంటనే అందుకోవాలి. పెద్దాడా, నువ్వు పట్టుకో" అన్నాడు నాన్న.

అన్నయ్య రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నావల్ల కాదు నాన్నా. ఆదివారం ఆదివారం నిలబడి ఇలాంటివి వద్దని చెప్పేవాణ్ణి. నన్ను అడగొద్దు."

"మీ తమ్ముడురా."

"తెలుసు నాన్నా. నాకు తెలీదా." తలుపువైపు తిరిగిపోయాడు.

నాన్న నావైపు చూశాడు.

"ఆడపిల్ల పట్టుకోవచ్చా నాన్నా?" అన్నాను. తప్పించుకోవడానికే అడిగాను.

"మాట్లాడకుండా ఉండగలిగితే ఎవరైనా పట్టుకోవచ్చు. నీకది కష్టమే అనుకో."

"అది కాదు నాన్నా. నేను పిలిస్తే వాడు రాడు."

"ఎందుకు రాడు?"

చెప్పేశాను. వాన, సంచీ, గడియ, నేనన్న మాట. ఆ గదికి కిటికీ లేదు, ఎటు చూడాలో తెలియక పై మంచం మీది మడత నలగని దుప్పటి వంక చూస్తూ చెప్పాను. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాన్న కొమ్మని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"వచ్చాడా. అమ్మ కోసం వచ్చాడా వాడు" అన్నాడు.

"వచ్చాడు నాన్నా."

"ఇన్నాళ్ళూ నా కొడుకు వాళ్ళమ్మ కోసమైనా రాలేదని కుమిలిపోయాను తోబిలే. నువ్వు చూస్తూనే ఉన్నావు."

అవును. చూస్తూనే ఉన్నాను.

నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. లేచి నా చెయ్యి పట్టుకుని, అరచేతిలో కొమ్మ పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటీ మూశాడు. "గేటు వేసింది నువ్వయితే నేను పిలిస్తే వాడెందుకొస్తాడు. వాడు నా మాట కోసం కాదు నిలబడింది. తీసుకుపో" అన్నాడు.

సోమవారం, మధ్యాహ్నం

జఖేలే,

రాయడం కూడా మాట్లాడటం కిందికే వస్తుందా అని నాన్నని అడగాలి. అడగడానికి లేదు. అందుకని ఇక్కడినించి నీకే రాస్తున్నాను.

ఏం చెప్పాలో తెలియడం లేదు. ఇది భోజనాల హాలు. మనం కిటికీ పక్కన కూర్చున్నాం. వదిన రెండు పళ్ళేలు తెచ్చి, ఒకటి నా ముందూ ఒకటి నీ ముందూ పెట్టి వెళ్ళింది. చేపా, వరి అన్నం. నీ ఓడలో ఇలాంటివి వేలమందికి వండి ఉంటావు. ఉప్పు తక్కువైంది, నువ్వయితే ఊరుకోవు.

ఇది జారుడుబల్ల. ఆ అరుస్తున్నది నోంటో. నీ చెవులే దానికి. "అత్తా, ఎవరితో మాట్లాడుతున్నావ్?" అంటోంది. దాని తల నిమిరి వచ్చేశాను.

ఇది నడిచే దారి. ఆ లావుపాటాయన ఇంకా నిద్రలోనే ఉన్నాడు. మూడు రోజులుగా దీన్ని చుట్టి చుట్టి నడిచాను. దేన్నించి పారిపోతున్నానో నాకు తెలుసు. నీకూ తెలుసు.

సోమవారం, ఐదింటికి

నువ్వు ఫోన్ చేసిన ప్రతిసారీ బోర్లా తిప్పి పెట్టేదాన్ని. ఏడు నెలలు నీతో మాట్లాడలేదు. ఇప్పుడు నీతో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదు. పొద్దున్నించి అడిగినవాళ్ళకల్లా తల ఊపుతున్నాను. నా శాస్తి నాకు జరిగింది, నువ్వయితే కడుపుబ్బా నవ్వుతావు.

నువ్వు పుట్టినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అమ్మ చేలోకి పోతే నిన్ను వీపుకి కట్టుకుని దొడ్డి చుట్టూ తిప్పేదాన్ని. నువ్వు నా మెడ మీద చొంగ కార్చేవాడివి. పక్కింటివాళ్ళు పిల్లవాడు బరువు, దించమ్మా అనేవాళ్ళు. నేను దించేదాన్ని కాదు.

అమ్మ పోయినందుకు నాకు కోపం వచ్చింది జఖేలే. ఆసుపత్రి మీద, దేవుడి మీద, ఆ వాన మీద వచ్చింది. గేటు దగ్గరికి నువ్వొచ్చావు. నా చేతికి నువ్వు దొరికావు. అంతకన్నా వేరే కారణం లేదు, పదిహేను నెలలుగా వెతుకుతున్నాను.

ఇదిగో మన గది. కాళ్ళు తగులుతాయి, చూసి ఎక్కు. పై మంచం నీది.

డిసెంబరు 16, మంగళవారం. డర్బన్ రేవు

వచ్చేశాం. ఇవి దిగే మెట్లు. మళ్ళీ వరుసలో నిలబడ్డాం, ఇది పెద్ద షెడ్డు, చాలామంది ఉన్నారు, నా పక్కనే ఉండు.

సంచులు చూసే చోట ఒకతను నన్ను ఆపాడు. "చెట్లూ కొమ్మలూ తీసుకెళ్ళకూడదు మేడం. ఏమిటది?"

నేను కొమ్మని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. నోరు తెరవడానికి లేదు. నాన్న వెనక ఎక్కడో ఉన్నాడు. "మేడం, మిమ్మల్నే" అన్నాడు, చెయ్యి చాపాడు. ఇక్కడ నిన్ను పోగొట్టుకుంటే రెండోసారి నేనే పోగొట్టినట్టు.

పక్కనించి మన అన్నయ్య వచ్చాడు. పసుప్పచ్చ టీషర్టు, మెడలో చర్చి బిళ్ళ.

"అది మా తమ్ముడండీ. ఇంటికి తీసుకెళ్తున్నాం" అన్నాడు.

విన్నావు కదా. ఆదివారం ఆదివారం వద్దని చెప్పే నోటితోనే అన్నాడు. ఆ అధికారి చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, రెండడుగులు వెనక్కి వేసి, తలొంచి, "దారి ఇవ్వండి, దారి ఇవ్వండి" అని అందర్నీ జరిపాడు.

ఇది అన్నయ్య కారు. నాన్న ముందు కూర్చున్నాడు. వదినా నోంటో అన్నయ్య స్నేహితుడి కారులో వస్తారు. నీకు నా పక్కన చోటు. అన్నయ్య తలుపు మూయబోయి ఆగి, లోపలికి వంగి, నీ సీటుకి బెల్టు పెట్టాడు. ఎవరి మొహం చూడకుండా వెళ్ళి కారు తీశాడు.

ఇది ఉమ్లాజీ నది. దాటుతున్నాం.

ఇది లోవు నది. సెలవురోజు కదా, ఊళ్ళన్నీ సముద్రానికి వస్తున్నాయి. మనం ఎదురు పోతున్నాం.

ఇది ఉమ్కొమాజీ, వంతెన పెద్దది, నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. భయపడకు. ఇంక నీళ్ళు లేవు.

చెరుకు తోటలు. మట్టిరోడ్డు. రాయడం కుదరడం లేదు, కుదుపులు.

మన గేటు.

కారు ఆగింది. అన్నయ్య గేటు తీయడానికి దిగబోతే నాన్న అతని భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. ఇద్దరూ అటువైపు చూస్తూ కూర్చున్నారు. వాన లేదు, ఎండ కాస్తోంది. అమ్మ సమాధి ఇక్కడినించి కనిపిస్తుంది, దాని పక్కన నీది. లోపల వెనకగదిలో నీ చోటు తుడిచి పెట్టి ఉంచమని నాన్న వచ్చేముందే చెప్పాడట.

నిన్ను పొమ్మన్నది నోటితో. రమ్మనడం కూడా నోటితోనే అనాలి, రాస్తే చాలదు. పుస్తకం మూస్తున్నాను. ఒక చేతిలో కొమ్మ ఉంది, ఇంకో చెయ్యి గడియకి కావాలి.